టేప్ లోడ్ అయ్యేదాకా ఆగకుండా ఎమ్యులేటర్‌లో ఆడితే ఆ గేమ్ ఆడినట్టేనా?

టేప్‌డెక్:
సూటిగా అడుగుతున్నా. ఈమధ్య ఇక్కడ అందరూ 1980ల నాటి ఇంటి కంప్యూటర్ స్పెక్ట్రమ్ గేమ్స్ ఆడాం, కొన్ని బాగున్నాయి కొన్ని బాలేవు అని రాస్తున్నారు, చూస్తే అందరూ ఎమ్యులేటర్‌లోనే, అంటే ఆ పాత మెషీన్‌ని ఇప్పటి కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్‌లో. ఒక్క క్లిక్, గేమ్ రెడీ. నా లెక్కలో అది ఆడినట్టు కాదు. 48కే (48 కిలోబైట్ల మెమరీ) గేమ్ క్యాసెట్ టేప్ నుంచి ఎక్కాలంటే దగ్గర దగ్గర 5 నిమిషాలు పట్టేది. ముందు ఎరుపు, లేత నీలం చారలు, డేటా మొదలవగానే నీలం, పసుపు చారలు, చెవులు చిల్లులు పడే ఆ కూత. తర్వాత బొమ్మ, అదీ పైనుంచి కిందకి వరసగా కాదు, స్క్రీన్‌ని మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్కలో మధ్యలో గీతలు వదిలేస్తూ మళ్ళీ వెనక్కొచ్చి నింపుకుంటూ, మొత్తం నలుపు తెలుపులో. అంతా అయ్యాక చిట్టచివర రంగులు జలజలా పైనుంచి కిందకి దిగేవి. ఆ తర్వాత కూడా టేప్ లోడింగ్ ఎర్రర్ అని వచ్చిందా, రివైండ్ చేసి మళ్ళీ మొదట్నుంచీ. అంత ఓర్చుకుని ఆడితే మూడు ప్రాణాలు మూడు ప్రాణాల్లా ఉండేవి. సేవ్ స్టేట్ పెట్టుకుని, అంటే ఆటని ఎక్కడికక్కడ దాచుకుని చచ్చినప్పుడల్లా అక్కడికే వెనక్కొచ్చి ఆడేవాళ్ళకి అది అర్థం కాదు.

రబ్బరుకీ:
నిజం అన్నా. ఆ కూత ఇప్పుడు విన్నా ఒళ్ళు జలదరిస్తుంది.

పల్స్‌రీడర్:
టేప్‌డెక్ గారూ, ఎమ్యులేటర్ అంటే ఒక్క క్లిక్ అని ఎవరు చెప్పారండీ? టీజెడ్‌ఎక్స్ అనే టేప్ కాపీ ఫైల్‌లో మేం దాచేది టేప్ మీదున్న డేటా, దాన్ని మళ్ళీ పలికించే పల్సుల పొడవులూ. సున్నాకి పొట్టి పల్సులు, ఒకటికి దానికి రెట్టింపు పొడవున్నవి. గబగబా ఎక్కించేసే ఫాస్ట్ లోడ్ ఆపేసి పెట్టి చూడండి, అవే చారలు, అదే కూత, అవే 5 నిమిషాలు. ఇంక తేడా ఎక్కడుంది? మీ ఒరిజినల్ మెషీన్ మాత్రం ఎన్నాళ్ళుంటుంది చెప్పండి. కీబోర్డ్ కింద మెంబ్రేన్ ఎండి విరిగిపోతోంది, మెమరీ చిప్పులు పోతున్నాయి, టేపులు ఏటికేడూ నీరసపడుతున్నాయి. మీ దగ్గర ఒక పెట్టెడు టేపులున్నాయని మీరే రాశారు. డంప్ చేసి, అంటే ఉన్నదున్నట్టు ఫైల్‌గా ఎక్కించి పెడతానని రెండుసార్లు అడిగా. జవాబే లేదు.

యాభైహెర్ట్జ్:
లోడింగ్ సంగతి తర్వాత, అసలు సమస్య స్పీడు. ఆ గేమ్స్ సెకనుకి 50 ఫ్రేములు అనుకుని రాసినవి. మీ మానిటర్లు 60. సరిగ్గా సెట్ చెయ్యకపోతే స్క్రోలింగ్ కుదుపులు కుదుపులుగా వస్తుంది. కమడోర్ 64 అనే ఇంకో కంప్యూటర్‌లో ఇంకా ఘోరం, 50 లెక్కన రాసిన మ్యూజిక్‌ని 60 మెషీన్‌లో పెడితే 20 శాతం స్పీడుగా పరిగెడుతుంది. పైగా దాని సౌండ్ చిప్ సిడ్ 6581లో ఫిల్టర్ ఏ రెండు చిప్పుల్లోనూ ఒకేలా పలకదు. దీని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

టేప్‌డెక్:
పల్స్‌రీడర్ గారూ, తేడా ఉంది. ఫాస్ట్ లోడ్ ఆపుకోవడం, పెట్టుకోవడం మీ చేతిలో ఉంది. మా చేతిలో లేదు. ఆ 5 నిమిషాలూ డెక్ పక్కన ఎవరూ అడుగు గట్టిగా వెయ్యకూడదని ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. టేపుల సంగతి నా సొంత విషయం, అది ఇక్కడికి లాగొద్దు.

కుర్చీవెనక:
నేనెప్పుడూ ఇక్కడ రాయలేదు, ఇవాళ రాస్తున్నా. నాకు స్పెక్ట్రమ్ లేదు. పక్కింటి అబ్బాయికి ఉండేది. వాడు ఆడుతుంటే కుర్చీ వెనక నిలబడి చూసేవాణ్ణి, బుద్ధిపుడితే ప్లే బటన్ ఒక్కసారి నొక్కనిచ్చేవాడు. మానిక్ మైనర్‌లో 20 గుహలున్నాయని తెలుసు గానీ వాడు మూడో నాలుగో దాటేవాడు కాదు, కాబట్టి నేనూ దాటలేదు. యాభై దగ్గర పడ్డాక ఎమ్యులేటర్‌లో, మీరు వద్దంటున్న సేవ్ స్టేటే పెట్టుకుని, ఇరవయ్యోది చూశా. చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయా. అది ఆడినట్టు కాదు అంటే నేనింకా ఆ కుర్చీ వెనకే ఉన్నట్టండీ.

రబ్బరుకీ:
ఇది చదివి మనసు బరువెక్కింది బ్రదర్.

టేప్‌డెక్:
కుర్చీవెనక గారూ, మిమ్మల్ని అనలేదు. మీరు ఆడింది మీది. కానీ మిషన్ మనకి పెట్టిన గీత ఒకటుంటుంది, దాన్ని చెరిపేస్తే గేమ్ మారిపోతుంది, నేననేది అంతే.

పల్స్‌రీడర్:
ఆ గీతని ఆ రోజుల్లోనే అందరూ చెరిపారండీ. 1984లో జెట్ సెట్ విల్లీ వచ్చింది కదా, అటక గదిలోకి ఒకసారి వెళ్తే మెమరీ చెడిపోయి, ఆ తర్వాత కొన్ని వేరే గదుల్లో అడుగు పెట్టగానే చావే. కంపెనీ వాళ్ళు ముందు అది కావాలనే పెట్టామన్నారు, తర్వాత బగ్ అని ఒప్పుకుని పోక్‌లు, అంటే మెమరీలో విలువలు మార్చే చిన్న ఆదేశాలు, ఇచ్చారు. ఆ పోక్‌లు కొట్టకుండా గేమ్ పూర్తవ్వదు. మరి పోక్ కొట్టి పూర్తి చేసినవాళ్ళు ఆడినట్టా కాదా? తప్పుంటే బాగు చేస్తాం, దానికి ఏడవడం దేనికి?

టేప్‌డెక్:
బాగు చెయ్యడం అనే మాట నా దగ్గర ఎత్తొద్దు.

పల్స్‌రీడర్:
ఎందుకెత్తకూడదు? నిజం చెప్పనా, మీలాంటి వాళ్ళ వల్లే చాలా గేమ్స్ పోయాయి. పెట్టెలో పెట్టి తాళం వేసుకుని, అవి బూజు పట్టిపోయాక అయ్యో ఆ రోజులు అంటూ ఇక్కడ పోస్టులు. మీరు ఓర్పు గురించి చెప్తున్నారు గానీ అది ఓర్పు కాదు, స్వార్థం.

యాభైహెర్ట్జ్:
మాటలు మీరొద్దు. నేనడిగిన ఫ్రేమ్ రేట్ ప్రశ్నకి ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు.

టేప్‌డెక్:
స్వార్థం అన్నారు కాబట్టి చెప్తున్నా, ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. పదమూడేళ్ళప్పుడు నేనూ నా ఫ్రెండూ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక గేమ్ రాశాం. వాడు గళ్ళ కాగితం మీద ఎనిమిది బై ఎనిమిది గళ్ళలో చెట్లు గీసి, 128, 64, 32 అని కూడుకుంటూ ఒక్కో గీతకి నంబర్ వేసేవాడు, నేను టైప్ చేసేవాణ్ణి. అందులో దెయ్యం కనపడదు. అదే ఆట. ఓవర్ 1 అనే ఆదేశం పెట్టి, ఇంక్ (గీత రంగు) మార్చి, ఖాళీ స్పేస్ ప్రింట్ చేస్తే కింద బొమ్మ చెరగదు, ఆ గడి రంగు మాత్రం మారుతుంది, స్పెక్ట్రమ్ గురించి తెలిసినవాళ్ళకి ఇది తెలుసు. ఒక గడికి రెండే రంగులు కదా, ఆ ఇబ్బందినే మేం వాడుకున్నాం. దెయ్యం వచ్చిన చోట ఆకుపచ్చ చెట్టు తెల్లబడుతుంది, చూసి తప్పుకోవాలి. ఆ ఐడియా వాడిది. లోడింగ్ బొమ్మ వాడు గీసిందే, కింద మూల మా ఇద్దరి పేర్లు.

కొన్నేళ్ళ కింద ఒకాయన భద్రంగా దాస్తానంటే ఆ టేప్ ఇచ్చా. కొన్నాళ్ళకి బాగు చేసిన వెర్షన్ అని ఆన్‌లైన్‌లో పెట్టాడు. చెట్లు తెల్లబడటం కలర్ క్లాష్, అంటే గడికి రెండే రంగులవడం వల్ల రంగులు చెదిరే బగ్ అనుకుని తీసేశాడు. ఇంక దెయ్యం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఊరికే నడుస్తూ నడుస్తూ చచ్చిపోతాం. కింద కామెంట్లలో ఇదేం పిచ్చి గేమ్ అని రాశారు. టైమ్ దండగని లోడింగ్ బొమ్మ కూడా తీసేశాడు, దాంతో వాడి పేరు పోయింది, ప్రోగ్రామ్ లిస్టింగ్‌లో రెమ్ లైన్‌లో, అంటే వ్యాఖ్య రాసే లైన్‌లో ఉన్న నా పేరొక్కటే మిగిలింది. అది మా ఫ్రెండ్ కంట పడింది. ఫోన్ చేసి ఒకటే అడిగాడు, నా పేరు ఎందుకు తీసేశావురా అని. నేను కాదురా అని ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ తర్వాత మాట్లాడలేదు. ఇప్పుడు చెప్పండి ఎవరిది స్వార్థమో.

రబ్బరుకీ:
అన్నా…

పల్స్‌రీడర్:
టేప్‌డెక్ గారూ, నేనన్న మాట తప్పు. క్షమించండి. మీరు లోడింగ్ గురించి ఎందుకంత పట్టుబడుతున్నారో ఇప్పుడు అర్థమైంది. కానీ ఒకటి మాత్రం చెప్పాలి. ఆయన చేసింది డంప్ కాదు, దిద్దుబాటు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించిన ఫైల్ ఒకటి ఉండుంటే, ఇదిగో ఒరిజినల్, ఇదిగో వాడి పేరు అని మీరు ఆ రోజే మీ ఫ్రెండ్‌కి పంపేవారు. ఇప్పుడు మీ దగ్గర చూపించడానికి ఏముంది?

కుర్చీవెనక:
ఆ టేప్ వెనక్కి వచ్చిందా అండీ? ఆ దెయ్యం గేమ్ ఆడాలనుంది.

యాభైహెర్ట్జ్:
అలాంటి బేసిక్ గేమ్‌కి ఫ్రేమ్ రేట్ పెద్దగా పట్టదు. ఇది మాత్రం ఒప్పుకుంటా.

టేప్‌డెక్:
ఆ టేప్ రాలేదు. కానీ దానికన్నా ముందు సేవ్ చేసిన కాపీ ఇంకో టేప్ బీ సైడ్‌లో ఉంది, పాటల మధ్యలో. దాని మీద వాడి చేతిరాతే ఉంది, పెన్సిల్‌తో. నిన్న రాత్రి తీసి పెట్టి చూశా. బొమ్మ సగం వరకు వస్తోంది, చెట్లు కనపడుతున్నాయి, పేర్లుండే కింది ముక్క రాకముందే ఎర్రర్ కొట్టేస్తోంది. టేప్ ఎవరికీ ఇవ్వను, ఫైల్ ఇస్తానని కూడా అనట్లేదు, ముందు నా కళ్ళతో నేను చూడాలి. డెక్‌లో టేప్‌ని చదివే హెడ్ పక్కన రెండు స్క్రూలున్నాయి. ఏది తిప్పాలి?

పల్స్‌రీడర్:
స్ప్రింగ్ ఉన్నది, హెడ్ వాలు సరిచేసేది అదే. ముందు అదిప్పుడు ఎక్కడుందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. టేప్ ప్లే చేస్తూ పావు చుట్టు కూడా కాదు, వెంట్రుకంత తిప్పండి. కూత బాగా సన్నగా, పదునుగా వినపడిన చోట ఆపండి. లోడ్ చెయ్యడం తర్వాత, ముందు డెక్ నుంచి వైరు తీసి శబ్దాన్ని అలాగే కంప్యూటర్‌లోకి రికార్డ్ చేసేయండి. అరిగిన టేప్‌ని ఎక్కువసార్లు తిప్పొద్దు.