జనవరిలో ఘనాలోని మోలే పార్కుకు విమానమా, రోడ్డా?

జనవరి రెండో వారంలో అమ్మానాన్నలు అక్రా వస్తున్నారు. కేప్ కోస్ట్ వైపు ప్లాన్ కుదిరింది: 1482లో పోర్చుగీసువాళ్లు కట్టడం మొదలుపెట్టిన ఎల్మీనా కోట, కాకుమ్ అడవిలో చెట్ల మీదుగా వేలాడే వంతెనలు. వంతెన నాన్న ఒక్కరే ఎక్కుతారు. కాలు పెట్టే పలక బాగా సన్నం, అడుగు వేస్తే ఊగుతుంది, అమ్మకేమో మోకాళ్ల నొప్పులు.

తేలనిది ఉత్తరాన ఉన్న మోలే సంగతే. వానల్లేని రోజులు కాబట్టి ఏనుగులు నీటిగుంటల దగ్గరికి వస్తాయి. పక్కనే లరబంగాలో మట్టి, కర్రలతో కట్టిన పాత మసీదు. ఈ రెండూ వాళ్లకు ఎలాగైనా చూపించాలని ఉంది. కానీ సరిగ్గా ఆ నెలలోనే సహారా నుంచి వీచే హర్మట్టన్ అనే పొడిగాలితో దుమ్ము కమ్ముకుని విమానాలు ఆలస్యమవుతాయి, ఒక్కోసారి రద్దవుతాయి.

అక్రా నుంచి ఉత్తరాన ఉన్న టమాలే నగరానికి విమానంలో గంట, కాస్త అటూఇటూ. బస్సయితే 12 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అక్కణ్ణుంచి పార్కుకు మళ్లీ కారు. ఒక ట్రావెల్ ఏజెంటుని అడిగితే, విమానం రద్దయితే ఏం చేస్తారో చెప్పలేదు. బస కోసం పెట్టిన మెయిల్‌కి జవాబు లేదు. ఆఫీసులో ఘనా వాళ్లు తలా ఒక మాట చెబుతున్నారు.

జనవరిలో పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లెవరైనా చెప్పండి: టమాలే విమానాన్ని నమ్ముకోవచ్చా, లేక కారులో బయల్దేరి కుమాసిలో ఒక రాత్రి ఆగి వెళ్లడమే మేలా?