'మక్కికి మక్కి' అనాలా, 'పొల్లు పోకుండా' అనాలా?

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలో ఉంటాం. పియానో నేర్చుకుంటున్న మా అమ్మాయికి సాయపడదామని 'స్ట్రయిడ్' అనే జాజ్ వాయింపు పద్ధతి గురించి చదవడం మొదలుపెట్టి, చివరకు మా తెలుగు సంఘం పత్రికకు దాని మీద ఒక వ్యాసం రాస్తానని ఒప్పుకున్నాను. ఈ పద్ధతికి ఆద్యులలో ఒకరిగా చెప్పే జేమ్స్ పి. జాన్సన్ 1894లో పుట్టింది మాకు దగ్గరలోని న్యూ బ్రన్స్‌విక్‌లోనే అని తెలిసి ఉత్సాహం మరికొంత పెరిగింది. పాత రికార్డులను విని, వాటిలోని ప్రతి స్వరాన్నీ కాగితం మీద పెట్టిన ప్రతులను చూసి ఈ వాయింపు నేర్చుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ ప్రతులను ఇంగ్లీషులో 'నోట్ ఫర్ నోట్ ట్రాన్‌స్క్రిప్షన్' అంటారు. నేను 'మక్కికి మక్కి స్వరపరచిన ప్రతి' అని రాశాను. చిత్తుప్రతి చూసిన ఒక పెద్దాయన అందులో రెండు తప్పులున్నాయని చెప్పి, అవేమిటో చెప్పకుండానే వెళ్లిపోయారు. ఆ రెండూ ఏవో, 'స్ట్రయిడ్'కు తెలుగులో ఏమనవచ్చో చెప్పగలరా?

జవాబు (కొన్నేళ్లుగా ఈ పద్ధతిని సాధన చేస్తున్న సభ్యుడు):

పెద్దాయన ఎందుకు చెప్పలేదో గాని, మొదటి తప్పు సులభంగానే దొరుకుతుంది. 'స్వరపరచడం' అంటే పాటకు బాణీ కట్టడం. రికార్డు విని కాగితం మీద పెట్టినవాడు బాణీ కట్టలేదు. అంతకుముందే కట్టి, వాయించి, వెళ్లిపోయిన మనిషి చేతులను చెవితో వెంబడించాడు, అంతే. కాబట్టి 'విని రాసిన' అంటే చాలు. 'లిప్యంతరీకరణ' అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి, అది ఒక లిపి నుంచి మరో లిపికి మార్చడం. ఇక్కడ అసలు లిపే లేదు, ఉన్నదంతా శబ్దం.

రెండో తప్పు అంత సులభమైనది కాదు. 'మక్కి' మనకు హిందీ నుంచి వచ్చిన ఈగ. అసలు కాగితం మీద ఈగ చచ్చి అంటుకుని ఉంటే, నకలు రాసే గుమస్తా కూడా ఎక్కడి నుంచో ఒక ఈగను తెచ్చి సరిగ్గా అక్కడే అంటించాడన్నది దాని వెనక ఉన్న కథ. అందువల్ల ఆ మాటలో ఎప్పుడూ కొంత ఎగతాళి ఉంటుంది: చూసి రాసినవాడికి తాను ఏమి రాస్తున్నాడో తెలియదన్న నింద అది. విని రాసేవాడి పని సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. ఏది ఈగ, ఏది అక్షరం అన్నది అతడు క్షణక్షణమూ తేల్చుకోవాలి.

జాన్సన్ వాయించిన 'కరోలినా షౌట్'నే తీసుకోండి. ఆయన దాన్ని 1921 అక్టోబరులో ఓకే కంపెనీ రికార్డుకు వాయించాడు. అప్పటికి రికార్డింగు గదుల్లో మైకు లేదు. పియానో ముందు ఒక కొమ్ము పెట్టి, ఆ కొమ్ములో పడిన శబ్దంతోనే సూదిని కదిలించి మైనం మీద గీతలు గీసేవారు. ఆ పద్ధతిలో మంద్ర స్వరాలు సరిగా పడవు, స్ట్రయిడ్‌కు ప్రాణమంతా మంద్రంలోనే ఉంటుంది. ఎడమచేయి కొట్టింది ఒక్క స్వరమా, స్థాయి తేడాతో రెండు షడ్జాలా, లేక పైన గాంధారం కూడా ఉందా అన్నది గరగర మధ్య నుంచి ఊహించుకోవలసిందే. ఒక్కోచోట చిటుక్కుమన్నది తేలికగా తాకిన మెట్టో, ప్లేటు మీద గీతో తెలియక నేను అదే సెకనును సగం వేగంలో ముప్పై సార్లు విన్న రోజులున్నాయి.

నేనే చేసిన ఒక పొరపాటు చెబుతాను. ఈ పద్ధతిలో ఎడమచేయి మామూలుగా ఒకటి, మూడు దెబ్బలకు కింద మంద్ర స్వరాన్ని, రెండు, నాలుగు దెబ్బలకు మధ్యలో ఒక కార్డును, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపును, కొడుతూ అటూ ఇటూ తిరుగుతుంది. నేను కొనుక్కున్న ప్రతిలో 'కరోలినా షౌట్' మొదటి భాగంలోనే ఒకచోట మంద్రం, మంద్రం, కార్డు. మళ్లీ మంద్రం, మంద్రం, కార్డు. ఆ తరువాత మంద్రం, కార్డు అని ఉంది. అచ్చుతప్పు అనుకుని పెన్సిలుతో 'దిద్ది', రెండు నెలలు అలాగే సాధన చేశాను. తరువాత రికార్డు విన్నప్పుడు గాని తెలియలేదు, ఎనిమిది దెబ్బలను మూడు, మూడు, రెండుగా విరవడం జాన్సన్ కావాలని చేసిన పని అని. మన నోటితో చెప్పాలంటే తకిట, తకిట, తక. నడక మారి, కుడిచేయి మాత్రం ఏమీ ఎరగనట్టు సాగిపోవడంలోనే ఆ భాగం అందం ఉంది. నేను ఈగ అనుకుని దులిపేసింది అసలైన అక్షరం.

అందువల్ల నేను 'పొల్లు పోకుండా' అంటాను. పొల్లు అంటే అచ్చు లేని హల్లు, నకారపొల్లు వంటిది. దానికి సొంతంగా నిలబడే బలం లేదు, ముందున్న అక్షరానికి ఆనుకుని ఉంటుంది, కాని అది పోతే మాట మారిపోతుంది. ఈ సంగీతంలోనూ అటువంటివి ఉన్నాయి: సాధారణ గాంధారాన్ని తాకీ తాకనట్టు తాకి, ఆ వేలితోనే అంతర గాంధారం మీదికి జారడం స్ట్రయిడ్ వాయించేవారికి పరిపాటి. ఆ మొదటి గాంధారానికి కాలప్రమాణం దాదాపు లేదు. ప్రతిలో దాన్ని చిన్న అక్షరంతో వేస్తారు. దాన్ని వదిలేసి వాయిస్తే స్వరాలన్నీ సరిగానే ఉంటాయి, ఈ పద్ధతి పెరిగిన న్యూయార్కు పేట హార్లెం మాత్రం ఉండదు.

మరో సభ్యుడు:

'యథాతథంగా' అన్న మాట ఉండగా ఇంత దూరం వెళ్లడం ఎందుకండీ? అయినా పొల్లు అంటే తాలు గింజ కూడా కదా. తాలును పోనివ్వకుండా దాచుకోవడం ఏమి నేర్పు?

వీణ నేర్పే సభ్యురాలు:

'యథాతథం'లో ఉత్తర్వుల వాసన ఉంది, నాకు 'పొల్లు పోకుండా'యే నచ్చింది. అయితే నా అభ్యంతరం వేరు. పుస్తకంలోని స్వరం చూసి వాయించిన పిల్లలను నేను ఏళ్ల తరబడి చూస్తున్నాను. గమకం కాగితానికి ఎక్కదు. మా దగ్గర ఒక కృతిని ఏ గురువు దగ్గర నేర్చుకున్నారో, అది వారి పాఠాంతరం అవుతుంది, రెండు పాఠాంతరాలు వేరైతే రెండూ నిలుస్తాయి. ఒకే రికార్డును పట్టుకుని ఇదే అసలు అనడం మీ విద్యకు సరిపోతుందా? ఇక 'స్ట్రయిడ్'కు 'దాటు' బాగుంటుందేమో ఆలోచించండి. మాకు దాటు వరుసలు ఉండనే ఉన్నాయి.

జవాబు (మొదటి సభ్యుడు):

అమ్మా, మీ మాట సగం ఒప్పుకుంటాను. జాన్సన్ ఈ రచనను రికార్డుకు మాత్రమే కాదు, పియానో రోల్స్ మీదా ఇచ్చాడు. రోల్ అంటే రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్ట. దాన్ని పియానోలో పెడితే మెట్లు వాటంతట అవే దిగుతాయి. 1918 నాటి రోల్, 1921 నాటి రోల్, రికార్డు, ఇవి ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. కనుక అవి మీరన్న పాఠాంతరాలే, ప్రతి పైన ఏ పాఠాంతరమో రాయని అచ్చును నేను కొనను. రోల్‌లోనూ ఒక చిక్కు ఉంది: చేత్తో అదనంగా రంధ్రాలు పొడవడం ఆనాడు మామూలే కాబట్టి, అందులో వినిపించేదంతా పది వేళ్లకూ సాధ్యమైనదని నమ్మకూడదు.

అయితే కాగితం గురువును మింగేస్తుందన్న భయం ఇక్కడ పూర్తిగా వర్తించదు. తరువాత జాజ్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న డ్యూక్ ఎలింగ్టన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు వాషింగ్టన్‌లో ఇదే రచన రోల్‌ను వేగం తగ్గించి తిప్పి, దిగుతున్న మెట్ల మీద తన వేళ్లు పెట్టి నేర్చుకున్నాడు. జాన్సన్ ఆ ఊరు వచ్చినప్పుడు స్నేహితులు ముందుకు తోస్తే ఆయన ఎదుటే దాన్ని వాయించాడు. పొల్లు పోకుండా పట్టుకున్న ఆ మనిషి వాయింపు తరువాత ఎవరి వాయింపులానూ లేదు. తాళపత్రాల చివర లేఖకులు 'చూసింది చూసినట్టు రాశాను, తప్పొప్పుల దోషం నాది కాదు' అన్న అర్థం వచ్చే శ్లోకం పెట్టేవారు కదా. నేర్చుకునే మొదటి సంవత్సరంలో మాకూ ఆ శ్లోకమే రక్ష. తాలు గింజ సంగతి అడిగినవారికి కూడా ఇదే నా జవాబు. చెరగడం తెలిసేదాకా చేట పట్టుకోకపోవడం మంచిదని నా పెన్సిలే నాకు చెప్పింది.

'దాటు' విషయంలో మాత్రం ఒప్పుకోలేను. దాటు వరుసలో స్వరాన్ని వదిలి స్వరానికి వెళతాం, ఆ దూరం మారుతూ ఉంటుంది, పైగా అది రాగంలోని పని. స్ట్రయిడ్ అన్నది నడక. పొడుగు కాళ్లవాడు తొందర లేకుండా, కాని ఆగకుండా పోతున్నట్టు ఎడమచేయి తిరుగుతుంది. దానికి మనకు 'అంగ' అన్న మంచి మాట ఉంది: 'అంగలు వేసుకుంటూ వచ్చాడు' అంటాం. వామనుడు అడిగింది అడుగులే గాని కొలిచింది అంగలతో. తాళాంగాలతో పొరబడతారని మీరు అనవచ్చు. 'అంగల పియానో' అని బహువచనంలో రాస్తే ఆ చిక్కు ఉండదు.

అంగ ఎంత పెద్దదో కూడా మన కొలతలోనే చెప్పవచ్చు. షడ్జం మెట్టు నుంచి పై స్థాయి గాంధారం మెట్టు వరకు, అంటే పదో మెట్టు దాకా, అంచు నుంచి అంచుకు 23 సెంటీమీటర్లకు కొంచెం పైన ఉంటుంది. మన ఇళ్లలో తొమ్మిది అంగుళాలుగా లెక్కించే జానకు అది దాదాపు సరిసమానం. ఈ పద్ధతిలో పేరుపొందిన ఫ్యాట్స్ వాలర్ పెద్ద చేతులకు అది సునాయాసంగా అందేది. జాన చాలని నావంటి వారు కింది స్వరాన్ని ముందు కొట్టి, పెడల్‌తో నిలిపి, పై స్వరాన్ని వెంటనే అందుకుంటారు. ప్రతిలో మాత్రం రెండూ ఒకేసారి ఉంటాయి.

అడిగినవారు:

ధన్యవాదాలండీ. ఆ వాక్యాన్ని 'అంగల పియానోను పాత రికార్డుల నుంచి పొల్లు పోకుండా విని రాసిన ప్రతులతో నేర్చుకుంటారు. ఏ పాఠాంతరమో ప్రతి పైన చూసుకోవాలి' అని మార్చాను. చివరిగా ఒక్క సందేహం. 'కరోలినా షౌట్'ను 'కరోలినా కేక' అని రాస్తే పాఠకులకు సులభంగా ఉంటుందా?

జవాబు (మొదటి సభ్యుడు):

అలా రాయకండి. అక్కడ షౌట్ అంటే కేక కాదు. కరోలినా, జార్జియా తీరాల నల్లజాతివారు ప్రార్థనలో వలయంగా తిరుగుతూ, పాదం నేల విడవకుండా జరుపుతూ, చప్పట్లతో చేసే ఒక నృత్యానికి ఆ పేరు. న్యూయార్కుకు వలస వచ్చిన కరోలినావారు ఆడే తీరును చూసే జాన్సన్ వారికి ఇటువంటివి వాయించాడు. పేరును అలాగే ఉంచి, ఈ సంగతిని పక్కనే ఒక వాక్యంలో చెప్పండి.