ఐనోడ్ లాక్ రెండుసార్లు పట్టి హ్యాంగ్ అవుతోంది, ఎలా తప్పిస్తున్నారు?

మారతహళ్ళి_మధు: మా ఫైల్‌సిస్టమ్ మాడ్యూల్‌లో రైట్ ఫంక్షన్ ఐనోడ్ (ఫైల్ సైజు, బ్లాకుల వివరాలుండే రికార్డు) లాక్ తీసుకుంటుంది, అది పిలిచే ట్రంకేట్ (ఫైల్ సైజు కత్తిరించే) హెల్పర్ మళ్ళీ అదే లాక్ అడుగుతుంది. ఇక ప్రాసెస్ డీ స్టేట్‌లో కూర్చుంటుంది (సిగ్నల్‌కి కూడా లేవని నిద్ర), కిల్ మైనస్ నైన్‌కి కూడా లొంగదు. లాక్ ఇప్పటికే పట్టామని చెప్పే ఫ్లాగ్ పెట్టాలా, హెల్పర్‌ని విడగొట్టాలా? శుక్రవారం రిలీజ్, టెన్షన్‌గా ఉంది.

సుబ్బు_కెర్నల్: ఫ్లాగ్ వద్దే వద్దు. విడగొట్టండి. కెర్నల్‌లో జెనరిక్_ఫైల్_రైట్_ఐటర్ లాక్ తీసుకుని, అదే పేరుకి ముందు రెండు అండర్‌స్కోర్లున్న ఫంక్షన్‌ని పిలుస్తుంది, లోపలిది లాక్ జోలికే పోదు. మీ లోపలి ఫంక్షన్‌లో మొదటి లైనే లాక్‌డెప్_అసర్ట్_హెల్డ్ పెట్టండి, లాక్ పట్టకుండా పిలిస్తే కెర్నల్ లాక్ చెకర్ లాక్‌డెప్ హెచ్చరిస్తుంది.

వైజాగ్_వాసు: ఇంత గొడవెందుకు? పట్టినవాడే మళ్ళీ పట్టగల రికర్సివ్ లాక్ పెడితే పోయె. యూజర్ ప్రోగ్రాముల థ్రెడ్ లైబ్రరీ పీథ్రెడ్స్‌లో ఎప్పట్నుంచో వాడుతున్నాం, ఏమీ కాలేదు.

సుబ్బు_కెర్నల్: రికర్సివ్ అయితే, బయటి ఫంక్షన్ సైజు మార్చింది, డేటా ఏ బ్లాకుల్లో ఉందో చెప్పే బ్లాక్ మ్యాప్ ఇంకా మార్చలేదు, ఈలోగా లోపలిది అడ్డూ అదుపూ లేకుండా వచ్చి ఆ సగం మారిన ఐనోడ్‌ని వాడేస్తుంది. హ్యాంగ్ అయితే స్టాక్ ట్రేస్ దొరుకుతుంది. ఇదైతే కస్టమర్ డేటా పోయాక తెలుస్తుంది.

వైజాగ్_వాసు: పాఠాలు చెప్పకండి. ఒకప్పుడు కెర్నల్ అంతటికీ ఉన్న బిగ్ కెర్నల్ లాక్ రికర్సివే కదా, లైనక్స్ నడవలేదా?

నాగమణి_స్టోరేజ్: నడిచింది, పీకడానికే తలప్రాణం తోకకొచ్చింది. 2011లో కెర్నల్ 2.6.39తో గానీ పూర్తిగా పోలేదు. రైజర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఆ రికర్షన్ మీదే బతికింది కాబట్టి దానికి విడిగా సొంత రికర్సివ్ లాక్ రాయాల్సివచ్చింది. మా ప్రోడక్ట్‌లో రినేమ్ పాత్ మొత్తం నేనే రాశాను, అసలు కష్టం అక్కడుంది. పాత డైరెక్టరీ, కొత్త డైరెక్టరీ ఒకటే అయితే? కెర్నల్ ఫంక్షన్ లాక్_రినేమ్ ముందు అదే చూస్తుంది, ఒకటే అయితే ఒక్కసారే లాక్ చేస్తుంది. వేరైతే ముందు సూపర్‌బ్లాక్ రినేమ్ మ్యూటెక్స్ (ఫైల్‌సిస్టమ్ మొత్తానికి ఒక్కటే), తర్వాత పై డైరెక్టరీ, ఆ తర్వాతే కిందిది.

వైజాగ్_వాసు: ఆయన అడిగింది రినేమ్ గురించి కాదండీ.

ఓఎమ్మార్_రవి: చెన్నైలో ఈమధ్య ఏ ఇంటర్వ్యూకెళ్ళినా ఇదే ప్రశ్న, లాక్‌డెప్ పేరెత్తితే చాలు మొహాలు వెలుగుతాయి. మరి పేరెంట్, చైల్డ్ డైరెక్టరీలు రెండూ లాక్ చేస్తే మాకు ఊరికే లాక్‌డెప్ వార్నింగ్ వస్తోంది?

నాగమణి_స్టోరేజ్: ఊరికే రాదు. లాక్‌డెప్‌కి రెండూ ఒకే క్లాస్ (ఒకే రకం లాక్), తేడా దానికి మీరే చెప్పాలి. ఐనోడ్_లాక్_నెస్టెడ్‌లో ఐ_మ్యూటెక్స్_పేరెంట్ ఇవ్వండి. నిజంగా ఒకే ఐనోడ్ అయినచోట మాత్రం ఇది పెట్టి నోరు మూయించకండి.

మారతహళ్ళి_మధు: విడగొట్టాను, హ్యాంగ్ పోయింది. కానీ మెమరీ తక్కువైనప్పుడు ఇంకోచోట ఆగుతోంది.

సుబ్బు_కెర్నల్: లాక్ పట్టుకుని జీఎఫ్‌పీ_కెర్నల్‌తో మెమరీ అలొకేట్ చేస్తున్నారా? మెమరీ ఖాళీ చేసే రీక్లెయిమ్ తిరిగి మీ ఫైల్‌సిస్టమ్‌లోకే వస్తుంది. మెమ్‌అలాక్_నోఎఫ్‌ఎస్_సేవ్ పెట్టి అది ఆపి, ఆ ట్రేస్ ఇక్కడ వేయండి.