మావాడు పాపీ పువ్వు పెట్టుకోనంటున్నాడు, కోచ్‌కి ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మావాడికి పన్నెండేళ్లు, ఇక్కడి క్లబ్బులో ఫుట్‌బాల్ ఆడతాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజు, నవంబరు 11, దగ్గరికొస్తోంది కదా, ఆదివారం మ్యాచ్‌కి పిల్లలందరూ జెర్సీ మీద పాపీ పెట్టుకోవాలని కోచ్ మెసేజ్ పెట్టారు. యుద్ధాల్లో పోయిన సైనికుల గుర్తుగా పెట్టుకునే ఎర్ర కాగితం పువ్వు అది.

మావాడు దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ, "నాన్నా, జేమ్స్ మెక్లీన్ పెట్టుకోడుగా, నాకెందుకు?" అన్నాడు. మెక్లీన్ ఐర్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు, సొంతూరు ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ. 1972 జనవరి 30న ఆ ఊళ్లో బ్రిటిష్ సైనికులు నిరాయుధుల్ని కాల్చారు, ఆ రోజే 13 మంది చనిపోయారు. పాపీ మిగతా పోరాటాల్లో పోయిన బ్రిటిష్ సైనికులకీ గుర్తే కాబట్టి మెక్లీన్ పెట్టుకోడు. రెండు ప్రపంచ యుద్ధాల మృతుల కోసమే అయితే పెట్టుకునేవాణ్ణని 2014లో తన క్లబ్ యజమానికి లేఖ కూడా రాశాడు. అయినా ఏళ్ల తరబడి స్టేడియాల్లో తిట్లు తిన్నాడు. అది ఘోరమనే నా అభిప్రాయం.

మా సంగతి వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో మన భారత సైనికులే సుమారు 74,000 మంది పోయారు. నేనైతే పెట్టుకుంటాను. కానీ బలవంతంగా గుచ్చిన పువ్వులో గౌరవం ఏముంటుంది? 2019 ప్రపంచ కప్‌లో ధోనీ గ్లవ్స్ మీది సైనిక చిహ్నాన్ని ఐసీసీ వద్దన్నప్పుడు, ఆయనిష్టం ఆయనదని వాదించినవాణ్ణి. ఇప్పుడు కొడుక్కి వేరే న్యాయం ఎలా చెప్పను?

ఇక్కడ పిల్లల్ని ఆడిస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? కోచ్‌తో ఏమని మాట్లాడారు? తర్వాత పిల్లాణ్ణి పక్కన పెట్టడం లాంటివి జరిగాయా? ఆదివారంలోపు చెప్తే మేలు చేసినవాళ్లవుతారు.