'క్యూ, ఎక్స్, టి': ఇచ్చిన అక్షరాలున్న పొడవైన ఇంగ్లీషు మాట

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఒక పదకేళిలో నాకు క్యూ, ఎక్స్, టి అనే మూడక్షరాలు వచ్చాయి. ఈ మూడూ ఉన్న ఇంగ్లీషు మాటల్లో వీలైనంత పొడవైనదాన్ని చెప్పాలి. నాకు తట్టినది 'క్విక్సాటిక్' ఒక్కటే. అందులో 8 అక్షరాలున్నాయి. ఇంతకంటె పొడవైనదాన్ని పట్టుకోవాలంటే నిఘంటువును ఆసాంతం తిరగెయ్యడం తప్ప వేరే దారి ఉందా?

సమాధానం: దారి ఉంది గాని, ముందు ప్రశ్నను కొంచెం బిగించుకోవాలి. అవధానంలో న్యస్తాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఫలానా అక్షరం పడాలని ముందే చెబుతాడు. మీకిచ్చిన సమస్యలో అక్షరాలున్నాయి, స్థానాలు లేవు. కాబట్టి అవి ఇచ్చిన వరుసలోనే రావాలా, పక్కపక్కన ఉండాలా, ఒకే అక్షరాన్ని రెండుసార్లు ఇస్తే మాటలోనూ అది రెండుసార్లు కనబడాలా అన్నవి అడిగి తేల్చుకోవలసిన సంగతులు. మీరు చెప్పినదాన్ని బట్టి వరుసతో నిమిత్తం లేదనే అనుకుంటున్నాను.

మనవాళ్లు ఈ ఆటలో ఎక్కువగా తడబడేది చెవి వల్ల. తెలుగులో పలికినట్టు రాస్తాం, రాసినట్టు చదువుతాం. ఆ అలవాటుతో ఇంగ్లీషు మాటలను ధ్వనిని బట్టి వెతకబోతే చేతికందినవి కూడా జారిపోతాయి. 'కెమిస్ట్రీ'లో కె అనే అక్షరమే లేదు, 'నైఫ్' మాత్రం కె తోనే మొదలవుతుంది. 'ఎగ్జామ్'లో వినబడే గ్‌జకారం వెనకా, 'జైలోఫోన్' మొదట్లో వినబడే జకారం వెనకా ఉన్నది ఎక్స్. అందువల్ల మాటను నోటితో అనుకోవడం మాని, వర్ణక్రమాన్ని కాగితం మీద విడివిడిగా రాసుకోవాలి.

ఇక వెతుకులాట అరుదైన అక్షరంతో మొదలుకావాలి. టి ఉన్న మాటలు లెక్కకు మిక్కిలి. లైనోటైప్ అచ్చుయంత్రాల మీటలను వాడుకను బట్టి ఇ, టి, ఏ, ఓ, ఐ, ఎన్ అని పేర్చారంటే టి ఎంత తరచుగా వస్తుందో ఊహించవచ్చు. క్యూ సంగతి వేరు. అది ఉన్న మాటలే తక్కువ, పైగా దాని వెనక దాదాపు ఎప్పుడూ యు ఉంటుంది గనుక అడగకుండానే నాలుగో అక్షరం దొరికినట్టే. క్యూ, ఎక్స్ కలిసిన మాటలంటే నాకు వెంటనే తట్టేవి ఈక్వినాక్స్, ఎక్స్‌చెకర్, ఎక్స్‌క్విజిట్, మీ క్విక్సాటిక్. మొదటి రెండింటిలో టి లేదు. మిగిలిన రెంటినీ ఉన్నవున్నట్టుగా వదలకుండా తోకలు తగిలించి చూడండి. క్విక్సాటిక్ క్రియావిశేషణమై 'క్విక్సాటికల్లీ' అయితే 12 అక్షరాలు. 9 అక్షరాల ఎక్స్‌క్విజిట్‌కు 'లీ' చేరిస్తే 11, 'నెస్' చేరిస్తే 13. పొడవైన మాటలు చాలావరకు ఇలా ప్రత్యయాల వల్ల పెరిగినవే గనుక, ముందు మొలకను పట్టుకుని తరువాత తోకను వెతకడం సులువు. ఇదే సమస్యకు ఎల్ అనే అక్షరాన్ని కూడా చేర్చారనుకోండి, ఎక్స్‌క్విజిట్‌నెస్ తప్పుకుని క్విక్సాటికల్లీ ముందుకు వస్తుంది.

పెద్ద మాటల్లో అన్ని అక్షరాలూ ఉంటాయనుకోవడం మరో భ్రమ. 'న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కనోకోనియోసిస్' అనే 45 అక్షరాల మాటను 1935లో అమెరికా పదక్రీడాకారుల సమాఖ్య అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ కేవలం పొడవు కోసం కల్పించగా, అది తరువాత నిఘంటువులకు ఎక్కింది. లెక్కపెట్టి చూస్తే అందులో ఉన్న వేరువేరు అక్షరాలు 14 మాత్రమే. డి లేదు, జి లేదు, హెచ్ లేదు. 15 అక్షరాల 'అన్‌కాపీరైటబుల్'లో ఒక్క అక్షరమూ మళ్లీ రాదు, అచ్చులైదూ ఉన్నాయి, వై కూడా ఉంది. 29 అక్షరాల 'ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్'లో ఐ 9 సార్లు వస్తుంది, అంతటా కనబడే ఇ మాత్రం ఒక్కసారీ రాదు. ఇటువంటి మాటలను గెలుపు కోసం కంఠస్థం చెయ్యడం నా దృష్టిలో శ్రమదండగ. అడిగిన అక్షరాల్లో ఏదో ఒకటి వాటిలో ఉండకపోవడానికే అవకాశం ఎక్కువ.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలు. ఎక్స్‌క్విజిట్‌నెస్ నాకు తట్టనే లేదు. ఇదే పనిని కంప్యూటరు చేత చేయించాలంటే, అక్షరాల పునరుక్తిని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

సమాధానం: 26 అక్షరాలకు 26 గళ్లు పెట్టి, మాటలో ఉన్న అక్షరం గడిలో ఒకటి, లేనిదాని గడిలో సున్న వేయడం అందరూ చేసే పని. అది వేగంగా నడుస్తుంది గాని, అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో చెప్పదు. నాకు ముచ్చటగా అనిపించేది ప్రధాన సంఖ్యల పద్ధతి. ఏకు 2, బికి 3, సికి 5 చొప్పున వరుసగా కేటాయిస్తూ పోతే జెడ్‌కు 101 వస్తుంది. ఒక్కొక్క మాటకూ దాని అక్షరాల సంఖ్యలన్నిటినీ గుణించి, వచ్చిన లబ్ధాన్ని ఆ మాట పక్కన రాసిపెట్టుకోవాలి. మీకిచ్చిన అక్షరాలకూ అలాగే గుణించి, ఆ లబ్ధం మాట లబ్ధాన్ని శేషం లేకుండా భాగిస్తే ఆ మాట పనికివచ్చినట్టు. ఎల్ విలువ 37. రెండు ఎల్‌లు కావాలంటే 37ను 37తో గుణించిన 1369తో భాగించి చూడాలి. ఎల్ రెండుసార్లున్న క్విక్సాటికల్లీ నిలుస్తుంది, ఒక్కసారే ఉన్న ఎక్స్‌క్విజిట్‌లీ పడిపోతుంది. మూడు ఎస్‌లు అడిగితే ఎస్ విలువ 67 గనుక దాని ఘనంతో భాగించాలి, అప్పుడు మళ్లీ ఎక్స్‌క్విజిట్‌నెస్‌దే పైచెయ్యి. పొడవైన మాటల లబ్ధాలు కంప్యూటరు మామూలుగా పట్టగల పూర్ణాంకాల హద్దు దాటిపోతాయి కాబట్టి, పెద్ద సంఖ్యలను తట్టుకునే ప్రోగ్రామింగ్ భాషలోనే ఈ లెక్క రాయండి.