సమస్య: నూనె త్రాగు పిల్ల నూఱు దాటె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో. నాలుగో పాదం ఇది, పై మూడూ మీరు రాసి పద్యం పూర్తిచెయ్యాలి:

*నూనె త్రాగు పిల్ల నూఱు దాటె*

పసిపిల్లలకు ఆముదం పట్టించే నాయనమ్మలు వద్దు. కారు మీదే పూరించాలి, అదీ మీరు ముద్దుపేరుతో పిలుచుకునే కారు మీద. పేరు పెట్టుకోనివాళ్ళు ఎందుకు పెట్టుకోలేదో చెప్పినా సరే. మా ఊళ్ళో ఎద్దులకు పేర్లుండేవి. "రాముడూ" అంటే ఒకటి చెవి తిప్పేది. ట్రాక్టరు వచ్చాక దాన్ని ట్రాక్టరనే అన్నాం. పిలిస్తే పలకనిదానికి పేరెందుకురా అనేవారు మా నాన్న. మరి మీ ఇళ్ళలో ఎలాగో? గడువు ఆదివారం రాత్రి.

కృష్ణలంక:
బోణీ నాది.

చిట్టి యనుచు మేము చేరఁదీసిన కారు
బెజ్జవాడ బాట పెద్దదవఁగ
లారి వెనుక విడిచి లాఘవమ్ముగ నేఁడు
నూనె త్రాగు పిల్ల నూఱు దాటె.

మాది మారుతి 800. నాన్న దాన్ని సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన రోజు అమ్మ దిష్టి తీస్తూ "రా చిట్టీ" అంది, అంతే, అదే పేరు. ఏలూరు నుంచి వస్తూ మొదటిసారి ఓ లారీని దాటినప్పుడు వెనక సీట్లో నలుగురం చప్పట్లు కొట్టాం. స్టీరింగ్ మాత్రం గజగజ వణికింది.

హనుమకొండ మాస్టారు:
గణాలు సరిపోయాయి బాబూ. చి–చే, బె–పె, లా–లా, యతులూ (పాదం మొదటి అక్షరానికి నడుమ జోడయ్యే అక్షరాలు) కుదిరాయి. నాకు నచ్చనిది ఒక్కటే. మొదటి పాదంలోనే "కారు" అనేశావు. నూనె తాగే పిల్ల ఎవరా అని చదివేవాడు తల గోక్కోవాలి కదా, నువ్వు గుట్టు ముందే విప్పేశావు. పైగా "కారు" ఒక కర్త, "పిల్ల" ఇంకో కర్త, ఒకే క్రియ. "చేరఁదీసినయట్టి" అని చూడు, కర్త ఒక్కటే మిగులుతుంది.

ఇంకో మాట. కంపెనీవాళ్ళు ఆంజనేయస్వామి పేరు పెట్టి పంపిస్తే మీ అమ్మగారు దాన్ని చిట్టిని చేశారు. ఆజన్మ బ్రహ్మచారి, ఏమనుకున్నాడో!

కోటగుమ్మం:
మాస్టారూ, "నూనె" అంటే అందరూ పెట్రోలే అనుకుంటున్నారు. షెడ్డులో అడిగి చూడండి. "బండి ఆయిల్ తాగుతోందండీ" అని మెకానిక్ అన్నాడంటే అది పెట్రోలు గురించి కాదు. పిస్టన్ రింగులు అరిగి ఇంజిన్ ఆయిల్ కాలిపోతోందని. సైలెన్సర్లోంచి నీలం పొగ వస్తుంది, డిప్‌స్టిక్ తీస్తే గీత కిందెక్కడో తడి కనిపిస్తుంది. నా పూరణ దాని మీద:

రింగు లరిగె ననుచు రేపుమాపనకుండ
ఆయిలడుగు సుబ్బి యలిగెఁ గాని
వేలు లెక్క పెట్టి వేసటఁ జెందక
నూనె త్రాగు పిల్ల నూఱు దాటె.

నూరు వేలంటే లక్ష. నాన్నగారి పాత తెల్ల కారు మీటర్లో అంకెలు ఐదే. 99,999 దగ్గర, ధవళేశ్వరం బ్యారేజీ మీద, నాన్నగారు బండి నెమ్మది చేసి అందరినీ చూడమన్నారు. తొమ్మిదులన్నీ ఒక్కసారి కదిలి సున్నాలయ్యాయి. "సుబ్బి మళ్ళీ పుట్టిందే" అని అమ్మతో అన్నారు. సుబ్బి అన్న పేరు కొత్తలో లేదు. చలికాలం పొద్దున్నే మొరాయించడం మొదలెట్టాక, "లేవే సుబ్బీ, లేవే" అని బతిమాలుతూ చోక్ లాగేవారు. అలా వచ్చింది.

హనుమకొండ మాస్టారు:
ఇదీ పూరణంటే! "వేలు" అని మూడో పాదంలో వేసి "నూఱు"కు అర్థం మార్చేశారు. ఒక్క చిన్న సవరణ. మొదటి పాదం "అనకుండ" అని ముగిసి రెండోది అచ్చుతో మొదలైంది, విసంధి, అంటే కలవాల్సిన చోట సంధి కలపలేదు. "నాయిలడుగు సుబ్బి" అనండి. యతి స్వరానికే కాబట్టి ఆ–అ మైత్రి చెడదు.

నూనె మాటకొస్తే, మా వైపు కిరోసిన్‌ని గాసునూనె అనేటోళ్ళం. కాబట్టి పెట్రోలును నూనె అన్నవాళ్ళదీ తప్పు కాదు.

ఎంవీపీ కాలనీ:
నమస్కారం అందరికీ. పద్యం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే తిట్టకండి.

నిమ్మకాయ మీద నెమ్మదిగా నెక్కి
గుడికి మ్రొక్కి నిలిచి తిరిగి వచ్చి
కొత్త పేరు పెట్టుకొన్న సాయంత్రమె
నూనె త్రాగు పిల్ల నూఱు దాటె.

సంపత్ వినాయగర్ గుడి దగ్గర పూజ చేయించాం. విశాఖలో కొత్త బండి కొన్నవాళ్ళు మొదట పోయేది అక్కడికే కదా. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు పోనివ్వమన్నారు. మా ఆయన టెన్షన్‌లో రివర్స్ వేశాడు. వెనకున్నవాళ్ళు ఎగిరి పక్కకు దూకారు! పేరు "పండు". నూరు అంటే స్పీడు కాదండీ, సాయంత్రం విజయనగరం వెళ్ళొచ్చాం, రానూపోనూ నూరు కిలోమీటర్లు దాటింది.

కృష్ణలంక:
అక్కా, రెండో పాదంలో యతి తప్పింది. "గు"కు "తి" కుదరదు. ప్రాసయతి (రెండో అక్షరాల జోడు) అనుకుందామన్నా డి–రి కలవవు.

హనుమకొండ మాస్టారు:
నిజమే, కానీ భయపడకమ్మా. "గుడికి మ్రొక్కి నిలిచి కుదురు తోడ" అంటే గు–కు సరిపోతుంది, రివర్స్ సంగతి తెలిసినవాళ్ళకు "కుదురు" ఇంకా బాగుంటుంది. మొదటి పాదం నిమ్మకాయతో మొదలవడం ముచ్చటేసింది. అది చూసి రాసిన పద్యం.

శాన్ హోజే:
మాది టెస్లా, నూనె అసలు ముట్టదు. అందుకే పక్కింటి మీదికి నెట్టాను.

ప్లగ్గొకటియె చాలు బంగారు తల్లికి
పైస ఖర్చు లేదు పక్క యింట
బంకు కేఁగినంత పర్సుకు చిల్లుగా
నూనె త్రాగు పిల్ల నూఱు దాటె.

నూరు డాలర్లు అన్నమాట. ఇక్కడ కారుకు పేరు పెట్టడం తమాషా కాదు. తెరమీదే పేరు రాసుకోవచ్చు, ఫోన్లో ఆ పేరే కనిపిస్తుంది. మావాడు "బంగారం" అని తెలుగులో కొట్టాడు.

కోటగుమ్మం:
పైస ఖర్చు లేదా? కరెంటు బిల్లు కూడా పక్కింటివాళ్ళే కడతారా తమ్ముడూ?

శాన్ హోజే:
అన్నయ్యా, యతి కోసం అబద్ధమాడాను. క్షమించండి.

నాంపల్లి:
పేర్లు పెట్టడం ఇప్పటి పిచ్చి కాదని చెప్పడానికి:

శైబ్య మనుచుఁ బిలిచె శౌరి తన హయమ్ము
చేతకమ్ము తోడఁ జెలఁగె రాణ
వారి వలెనె నేను పద్మిని యంటిని
నూనె త్రాగు పిల్ల నూఱు దాటె.

కృష్ణుడి రథానికి శైబ్యం, సుగ్రీవం, మేఘపుష్పం, వలాహకం అని నాలుగు గుర్రాలు. రాణా ప్రతాప్ చేతక్ పేరు తర్వాత స్కూటరెక్కింది. నా ఫియట్‌కు 1974లో కంపెనీయే చిత్తోడ్ రాణి పేరు పెట్టింది కాబట్టి నాకు పని తప్పింది. మెర్సిడెస్ కూడా అంతే, జెల్లినెక్ అనే వ్యాపారి కూతురి పేరు అది.

హనుమకొండ మాస్టారు:
శై–శౌ యతి చూడముచ్చటగా ఉంది. మూడు పాదాలు రథంలా నడిచాయి, నాలుగోదానికి వచ్చేసరికి గుర్రం విప్పేశారు. నూరు ఏమిటి? దేనికి నూరు? అన్వయం లేదు.

నాంపల్లి:
నూరు పెళ్ళిళ్ళు మాస్టారూ. మా బస్తీలో పెళ్ళికొడుకును ఊరేగించాలంటే పద్మినికే పూలు కడతారు. పద్యంలో పట్టలేదు.

హనుమకొండ మాస్టారు:
పట్టకపోతే పద్యం వెలుపల చెప్పకూడదు. మూడో పాదం మార్చి పట్టించండి, అప్పుడు మార్కులేస్తా.

నిర్వాహకుడు:
గడువు ముగిసింది. ఈ వారం నా ఓటు సుబ్బికి. అన్నీ చదివాక ఒకటి తోచింది. షోరూం నుంచి వచ్చి చెప్పినట్టల్లా నడిచే బండికి పేరు పెట్టినవాళ్ళు ఇద్దరే, ఒకరికి గుడి, ఒకరికి తెర కలిసొచ్చాయి. చిట్టి వణికింది, సుబ్బి మొరాయించింది. పొద్దున్నే బతిమాలాలంటే పేరుండాలి కదా, "ఓ కారూ, లే" అంటే ఏం బాగుంటుంది? మా నాన్న ట్రాక్టరు ఒక్కనాడూ మొరాయించలేదు, దాని ఖర్మ.

నాంపల్లి వారి పెళ్ళిళ్ళు వృథా పోకూడదు కాబట్టి వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

*పేరు లేని బండి పెండ్లి కేఁగె*