పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీని ఈఎఫ్ఎస్ మీద పెట్టొచ్చా?

బెళ్లందూరు_బ్యాకెండ్:
ఆఫీసు బెంగళూరులో, సర్వర్లు ముంబై రీజియన్‌లో. మూడు యాప్ సర్వర్లు, ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. యూజర్ల పీడీఎఫ్‌లు మూడింటికీ కనబడాలని ఈఎఫ్ఎస్ (చాలా మెషీన్లు ఒకేసారి మౌంట్ చేసుకోగల అమెజాన్ నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్) తీసుకున్నాం, బర్స్టింగ్ మోడ్‌లో (క్రెడిట్ ఉన్నంతసేపు ఎక్కువ వేగం, తర్వాత సైజును బట్టి వేగం). డేటాబేస్ కూడా అందులోనే పెట్టేస్తే, మెషీన్ పోయినప్పుడు ఇంకోదానికి మౌంట్ చేసుకుంటే సరిపోతుందని మా మేనేజర్ గారి ఆలోచన. మొత్తం 40 జీబీ. రెండు గంటల లోడ్ టెస్ట్‌లో వేగం బాగానే ఉంది. పెట్టేయమంటారా?

ఎఫ్‌సింక్_పిచ్చోడు:
ఆ రెండు గంటల టెస్ట్‌ని నమ్మకండి. కొత్త ఫైల్ సిస్టమ్‌కి సుమారు 2.1 టీబీ బర్స్ట్ క్రెడిట్ ముందే ఇచ్చేస్తారు. సెకనుకి 100 ఎంబీ చొప్పున వాడినా అది అయిపోవడానికి ఆరు గంటలు పడుతుంది. అంటే మీరు పరీక్షించింది క్రెడిట్‌నే. అది అయిపోయాక మీకొచ్చేది ఒక్కో జీబీకి సెకనుకి 50 కేబీ. 40 జీబీకి లెక్కేసుకోండి, 2 ఎంబీ! బర్స్ట్‌క్రెడిట్‌బ్యాలెన్స్ మెట్రిక్ మీద అలారం పెట్టండి.

ఎలాస్టిక్ మోడ్‌కి మారితే ఈ గొడవ పోతుంది, కానీ లేటెన్సీ పోదు. ప్రతి కమిట్ దగ్గరా వాల్ (మార్పులను ముందుగా రాసుకునే లాగ్) ఎఫ్‌సింక్, అంటే అది డిస్క్ మీద నిజంగా పడటం, పూర్తయ్యేదాకా పోస్ట్‌గ్రెస్ ఆగుతుంది. రీజనల్ ఈఎఫ్ఎస్‌లో ఆ రాత నెట్‌వర్క్ దాటి, ఒకటికి మించిన జోన్లలో (విడివిడి డేటా సెంటర్లలో) పడాలి. ఈ వేగం కొలిచే పీజీ_టెస్ట్_ఎఫ్‌సింక్‌ని మైనస్ ఎఫ్‌తో ఒకసారి ఈఎఫ్ఎస్ ఫైల్ మీద, ఒకసారి జీపీ3 డిస్క్ (మెషీన్‌కి తగిలించుకునే అమెజాన్ డిస్క్) మీద నడిపి చూడండి. జీపీ3కి సైజుతో పని లేకుండా 3,000 ఐఓపీఎస్ (సెకనుకి చదివే, రాసే పనులు), సెకనుకి 125 ఎంబీ మామూలుగానే వస్తాయి. మీ 40 జీబీకి అది చాలు.

అడయార్_డీబీఏ:
వేగం సంగతి అలా ఉంచండి, అసలు భయం వేరే. పాత మెషీన్ చచ్చిందనుకుని కొత్తదాంట్లో పోస్ట్‌గ్రెస్ లేపుతారు; నిజానికి పాతది బతికే ఉంటుంది. ఒకే డైరెక్టరీ మీద రెండు పోస్ట్‌గ్రెస్‌లు లేవకుండా ఆపే పోస్ట్‌మాస్టర్.పిడ్ ఫైల్ కాపాడేది ఒకే మెషీన్ లోపల మాత్రమే. అందులోని ప్రాసెస్ నంబరు, షేర్డ్ మెమరీ పక్క మెషీన్‌కి కనబడవు కాబట్టి కొత్త పోస్ట్‌గ్రెస్ ఆ ఫైల్‌ని పాతదనుకుని లేచి కూర్చుంటుంది. ఇద్దరూ ఒకే డైరెక్టరీలో రాస్తే డేటా గోవిందా. ఫెయిలోవర్ (ఒకటి పోతే ఇంకోటి అందుకోవడం) కావాలంటే స్ట్రీమింగ్ రెప్లికా, అంటే మార్పులు ఎప్పటికప్పుడు అందుకునే రెండో కాపీ, పెట్టండి.

చెన్నైలోని అజూర్ రీజియన్ వాడేవాళ్లకో మాట. ఎస్ఎంబీ షేర్ (విండోస్ తరహా నెట్‌వర్క్ ఫోల్డర్) మీద ఫైల్ అనుమతులు మార్చే చెమోడ్ పని చెయ్యదు, డైరెక్టరీ అనుమతులు 0700 గానో 0750 గానో లేకపోతే పోస్ట్‌గ్రెస్ లేవనే లేవదు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లోని వాల్ మోడ్ కూడా నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ మీద నడవదు.

బెళ్లందూరు_బ్యాకెండ్:
అయితే డేటాబేస్ జీపీ3 మీదే. పీడీఎఫ్‌లు ఈఎఫ్ఎస్‌లో ఉంచేయొచ్చుగా?

ఎఫ్‌సింక్_పిచ్చోడు:
నిక్షేపంగా. పీజీ_డంప్ బ్యాకప్ ఫైళ్లు, వాల్ ఆర్కైవ్ కూడా అక్కడ పెట్టుకోవచ్చు. సెక్యూరిటీ గ్రూప్‌లో (అమెజాన్ ఫైర్‌వాల్) టీసీపీ 2049 తెరవండి, ఈఎఫ్ఎస్‌ని మౌంట్ చేసే ప్రోటోకాల్ ఎన్ఎఫ్ఎస్ 4.1 వాడండి. మౌంట్‌లో హార్డ్, టైమియో=600, నోరెస్వ్‌పోర్ట్ ఉండాలి. సాఫ్ట్ జోలికి పోవద్దు, టైమౌట్ అయితే సగం రాతలో యాప్‌కి ఎర్రర్ ఇచ్చేస్తుంది. బూట్‌లో ఏమేం మౌంట్ చేయాలో రాసే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో _నెట్‌డెవ్ మర్చిపోతే రీబూట్‌లో నెట్‌వర్క్ రాకముందే మౌంట్‌కి పోయి ఇరుక్కుంటుంది.

నోడ్_మాడ్యూల్స్ (జావాస్క్రిప్ట్ యాప్ లైబ్రరీల ఫోల్డర్) మాత్రం ఈఎఫ్ఎస్‌లో పెట్టకండి. వేల చిన్న ఫైళ్లు, తెరిచిన ప్రతిసారీ నెట్‌వర్క్ దాటి వెళ్లిరావాలి. అవి లోకల్ డిస్క్ మీదే.